జపాను కార్ల మార్పుచేర్పులు

జపాను కార్ల మార్పుచేర్పులు అనగా జపాను కంపెనీల చురుకైన కార్లను ఒకదానితో ఒకటి పోల్చి చూసుకొని, వాటి ఇంజను, సస్పెన్షను, చక్రాలు, బ్రేకులు మొదలగు భాగాలను యజమానులు తమ అభిరుచికి తగినట్లు మార్చుకొనే వ్యాపకం. ఇందులో కారు రోజువారీ వాడుకకు పనికిరావాలి అన్నది ముఖ్యమైన నియమం. పందెపు కారు మైదానానికి లారీ మీద వెళ్ళి లారీ మీద తిరిగి వస్తుంది. ఈ వ్యాసంలో చెప్పే కారు ఉదయం పిల్లలను బడిలో దించాలి, మధ్యాహ్నపు ఎండలో బజారులో నిలవాలి, సంక్రాంతికి నలుగురిని, సామానును మోసుకొని ఊరికి చేరాలి. ఆ పనులన్నీ చేస్తూనే నడిపేవానికి ఆనందం కలిగించాలి.

ఈ వ్యాపకం జపానులో పెరిగి, అమెరికా మీదుగా ప్రపంచమంతటా పాకింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రోడ్ల మీద నడిచే కార్లకు ఇందులోని పద్ధతులు ఎంతవరకు సరిపోతాయి, భారతీయ చట్టం వేటిని అనుమతిస్తుంది అన్న విషయాలు ఇక్కడ వివరించబడినవి.

జపానులో

జపానులో కొండదారిని టోగే అంటారు. మన ఘాటు రోడ్డు వంటిదే. 1983 నుండి 1987 వరకు తయారైన టొయోటా ఏఈ86 అనే చిన్న కారు ఈ కొండదారుల వలన పేరు తెచ్చుకొంది. దాని ఇంజను 1.6 లీటర్లు మాత్రమే. బరువు సుమారు 940 కిలోలు, నడిపించేవి వెనుక చక్రాలు. 1995లో షుయిచి షిగెనో ప్రారంభించిన ఇనీషియల్ డి అనే బొమ్మల కథలో నాయకుడు ఈ కారుతోనే తెల్లవారుజామున కొండ మీద హోటలుకు సోయా పన్నీరు చేరవేస్తుంటాడు. రోజువారీ పనికి వాడే కారే చురుకైన కారు కూడా కావచ్చుననే ఊహకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

1989లో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, మాజ్దా ఎంఎక్స్-5 వచ్చాయి. అదే సంవత్సరం హోండా తన ఇంటెగ్రా కారులో వీటెక్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇంజనులోనికి గాలిని పంపే కవాటాలు ఎంతసేపు, ఎంత ఎత్తున తెరుచుకోవాలో కామ్ అనే ఇరుసు మీది ఉబ్బు నిర్ణయిస్తుంది. ఆ ఉబ్బు చిన్నదైతే బజారులో నెమ్మదిగా నడిపేటప్పుడు ఇంజను సాఫీగా, పొదుపుగా నడుస్తుంది గాని, వేగంలో ఊపిరి చాలదు. పెద్దదైతే వేగంలో బాగుంటుంది గాని, నెమ్మదిలో ఇంజను కుంటుతుంది. వీటెక్ పద్ధతిలో రెండు రకాల ఉబ్బులూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. ఇంజను వేగం ఒక హద్దు దాటగానే నూనె పీడనంతో ఒకదాని నుండి రెండవదానికి మారుతుంది. ఒకే కారు రెండు స్వభావాలతో ఉండటానికి ఇది కారణం.

జపాను తయారీదారులు 1989 నుండి 2004 వరకు స్వదేశంలో అమ్మే కార్ల శక్తిని 280 అశ్వశక్తికి మించి ప్రకటించరాదని తమలో తాము ఒప్పందం చేసుకొన్నారు. ఇంజనులను మాత్రం అంతకంటే ఎక్కువ భారం తట్టుకొనేలా నిర్మించారు. కనుక దాగి ఉన్న శక్తిని బయటికి తీయటం అక్కడ ఒక పెద్ద పరిశ్రమ అయినది. అయితే అక్కడి కొత్త సొంత కారు మూడు సంవత్సరాల తరువాత, అటు పిమ్మట రెండేళ్ళకొకసారి, ప్రభుత్వ తనిఖీలో నెగ్గాలి. జపానులో అడ్డూ అదుపూ లేకుండా మార్చుకుంటారనే భావన సరికాదు.

భారతదేశంలో

జీటీ-ఆర్, సుప్రా వంటి 1990ల నాటి కార్లు మన దేశంలో అమ్మకానికి రాలేదు. వాడిన కార్లను దిగుమతి చేసుకోవాలంటే అవి మూడేళ్ళకు మించి పాతవి కారాదు, కుడివైపు స్టీరింగు ఉండాలి, ముంబై రేవులోనే దిగాలి, సుంకం కూడా భారీగా ఉంటుంది. అందువలన ఇక్కడి అభిమానులు దేశంలో దొరికే మామూలు జపాను కార్లలోనే చురుకైనవాటిని ఎంచుకొన్నారు.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఇంజను 796 సీసీ. దానిలో చురుకుదనం వెదకటం అత్యాశే. 1993లో వచ్చిన జెన్ శక్తి 50 అశ్వశక్తి మాత్రమే అయినా, కారు తేలికగా ఉండటం వలన మలుపులలో బాగా తిరిగేది. 1994లో ఎస్టీమ్ వచ్చింది. మద్రాసు సమీపంలోని పందెపు బాటలపై అనేక సంవత్సరాలు పరుగెత్తిన కారు ఇది. 1998లో హోండా సిటీ, హిందుస్థాన్ మోటార్స్ తిరువళ్ళూరులో తయారుచేసిన మిత్సుబిషి లాన్సర్, 1999లో 94 అశ్వశక్తి గల మారుతి బలెనో వచ్చాయి. 2000లో సిటీకి వీటెక్ ఇంజను అమర్చారు. 1.5 లీటర్ల ఆ ఇంజను 106 అశ్వశక్తి ఇచ్చేది. ఆనాటి మధ్యతరగతి కార్లలో ఇది ఎక్కువే. 2003లో ఆ నమూనా ఆగిపోయినా, బాగా చూసుకొన్న సిటీ వీటెక్ కోసం ఇప్పటికీ వెదికేవారున్నారు.

2005లో వచ్చిన స్విఫ్ట్ ఈ వ్యాపకాన్ని చిన్న పట్టణాలకు చేర్చింది. విడి భాగాలు ఎక్కడైనా దొరకటం, బాగుచేయటం తెలిసిన మెకానిక్కు ప్రతి మండల కేంద్రంలోనూ ఉండటం దీనికి ముఖ్య కారణాలు. విదేశాలలో అమ్మే స్విఫ్ట్ స్పోర్ట్ మాత్రం ఇక్కడ అధికారికంగా విడుదల కాలేదు. 2006లో హోండా సివిక్, మిత్సుబిషి సీడియా వచ్చాయి. టర్బో అమర్చిన 1.0 లీటరు బూస్టర్‌జెట్ ఇంజనుతో బలెనో ఆర్ఎస్ 2017లో వచ్చి 2020లో ఆగిపోయింది. దాదాపు అదే ఇంజను 2023లో ఫ్రాంక్స్ కారులో మళ్ళీ కనిపించింది.

కార్లు అందరికీ అందుబాటులోకి రాకముందు మన ప్రాంతాలలో ఈ ముచ్చట మోటారు సైకిళ్ళతో తీరింది. ఎస్కార్ట్స్ కంపెనీ 1985 నుండి 1996 వరకు తయారుచేసిన యమహా ఆర్ఎక్స్ 100 ఇంజను 98 సీసీ, 11 అశ్వశక్తి, బండి బరువు సుమారు 100 కిలోలు. సైలెన్సరు, కార్బ్యురేటరు, పళ్ళచక్రం మార్చి చూడటం అనే పాఠం చాలామంది ఆ బండి మీదనే నేర్చుకొన్నారు. 2018లో దాని పేరుతోనే ఒక తెలుగు చలనచిత్రం కూడా వచ్చింది.

కార్లను పోల్చటం

ఇద్దరు కారు అభిమానులు కలిస్తే ముందుగా వినిపించేది అశ్వశక్తి అంకె. దాని కంటే ఉపయోగకరమైనది శక్తికి, బరువుకు గల నిష్పత్తి. 83 అశ్వశక్తి గల 2018 నాటి పెట్రోలు స్విఫ్ట్ బరువు సుమారు 870 కిలోలు; అనగా టన్నుకు 95 అశ్వశక్తి. 101 అశ్వశక్తి, సుమారు 950 కిలోల బరువు గల బలెనో ఆర్ఎస్‌కు ఇది 106. జీటీ-ఆర్‌కు (280 అశ్వశక్తి, 1,430 కిలోలు) 196. అయితే స్విఫ్ట్‌లో నలుగురు పెద్దవాళ్ళు కూర్చుంటే బరువు 1,130 కిలోలు దాటి ఆ నిష్పత్తి 73కు పడిపోతుంది. రోజువారీ కారును పోల్చవలసినది ఈ రెండవ అంకెతోనే.

గేర్ల నిష్పత్తులు, ఇంజను ఏ వేగంలో తన బలం చూపుతుంది అన్నవి కూడా గమనించాలి. సిటీ వీటెక్ వంటి ఇంజను బలం పైవేగంలో ఉంటుంది. దానిని తరచు గేరు మార్చి నడపాలి. చిన్న టర్బో ఇంజను తక్కువ వేగంలోనే లాగుతుంది. ఖాళీ జాతీయ రహదారిపై మొదటిది, లారీల వెనుక చిక్కుకొని దాటవలసిన రెండు వరుసల రోడ్డుపై రెండవది సుఖం. కాగితం మీద ఏది గొప్పదో నిర్ణయించి దెబ్బలాడుకోవటం అనవసరం.

ఇంజనులో మార్పులు

ఇంజను శక్తి అది పీల్చగల గాలిని బట్టి ఉంటుంది. మామూలు ఇంజను వాతావరణ పీడనంతో వచ్చిన గాలినే పీలుస్తుంది. టర్బో ఇంజనులో బయటికి పోయే వేడి వాయువులు ఒక చక్రాన్ని తిప్పితే, అది గాలిని నొక్కి లోపలికి పంపుతుంది. పొయ్యిలో నిప్పును ఊదుగొట్టంతో రాజేసినట్లే. ఈ భేదం తెలిస్తే కంప్యూటరు మార్పిడి, అనగా ఇంజనును నియంత్రించే కంప్యూటరులోని సూచనలను తిరగరాయటం, ఎక్కడ ఫలిస్తుందో అర్థమవుతుంది. టర్బో కారులో ఊదే పీడనాన్ని పెంచి చెప్పుకోదగినంత శక్తి రాబట్టవచ్చును. మామూలు ఇంజనులో పెంచటానికి పీడనమే లేదు. పెట్టిన డబ్బుకు వచ్చేది స్వల్పం.

పీడనం పెంచితే నాక్ అనే ప్రమాదం కూడా పెరుగుతుంది. స్పార్కు ప్లగ్గు అంటించిన మంట చేరకముందే మిశ్రమం తనంతట తానే పేలటాన్ని నాక్ అంటారు. ఇది పిస్టన్లను చితకగొడుతుంది. పెట్రోలు ఆక్టేన్ సంఖ్య ఎంత ఎక్కువైతే నాక్‌ను అంత బాగా అడ్డుకొంటుంది. మన దేశంలో చాలాకాలం మామూలు పెట్రోలు ఆక్టేన్ 91. 2025 నాటికి దేశమంతటా వచ్చిన 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు ఆక్టేన్ ఇంకా ఎక్కువ. అయితే ఇథనాలులో లీటరుకు ఉండే శక్తి తక్కువ కావటం వలన మైలేజీ కొంత తగ్గుతుంది. పాత సిటీ, బలెనో వంటి కార్ల రబ్బరు గొట్టాలు, సీళ్ళు ఈ ఇంధనానికై తయారైనవి కావు. కనుక పాత కారును మార్చదలచినవారు శక్తి సంగతి తరువాత చూసుకొని ముందు ఇంధన గొట్టాలను మార్చుకోవటం మంచిది.

సస్పెన్షను, చక్రాలు

కారును కిందికి దించితే గురుత్వ కేంద్రం తగ్గి మలుపులలో ఒరగటం తగ్గుతుంది. 2018 స్విఫ్ట్ అడుగుభాగం నేలకు 163 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పొట్టి స్ప్రింగులతో 40 మిల్లీమీటర్లు దించితే మిగిలేది 123. నలుగురు ఎక్కితే ఇంకా దిగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్దేశం ప్రకారం వేగనిరోధకం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊళ్ళలో ప్రమాదం జరిగిన మరునాడు రాళ్ళతో, సిమెంటుతో కట్టే అడ్డుగట్టలకు ఈ కొలతలు తెలియవు. చోళ్ళు, నువ్వులు నూర్పిడికి రోడ్డు మీద పరిచే కాలంలో ఆ గడ్డి అడుగున చుట్టుకొని వేడి సైలెన్సరుకు తగిలితే నిప్పు అంటుకొనే ప్రమాదమూ ఉంది. ఈ ప్రాంతంలో కారును దించటం కంటే, ఎత్తు తగ్గించకుండా మెరుగైన షాక్ అబ్జార్బర్లు వేసుకోవటం తెలివైన పని.

చక్రాల విషయంలో చిన్న లెక్క అవసరం. టైరు మీద 165/80 ఆర్14 అని ఉంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు దానిలో 80 శాతం, లోపలి చక్రం 14 అంగుళాలు అని అర్థం. మొత్తం వ్యాసం 619.6 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ ఖరీదైన రకాలకు కంపెనీయే ఇచ్చిన 185/65 ఆర్15 వ్యాసం 621.5. తేడా లేనట్లే. ఇందుకు బదులు 205/65 ఆర్15 వేస్తే వ్యాసం 647.5 అవుతుంది, అనగా నాలుగు శాతానికి పైగా ఎక్కువ. స్పీడోమీటరు ముందు చూపినంతే చూపుతుంది గాని, కారు నిజవేగం గంటకు 100 వద్ద 104 దాటుతుంది. చక్రం బరువెక్కటం వలన కారు మందగిస్తుంది. పూర్తిగా తిప్పినపుడు టైరు లోపలి అంచుకు రాసుకొనవచ్చును.

బ్రేకులు

శక్తి పెంచే ముందు బ్రేకులు చూసుకోవాలని అందరూ చెబుతారు గాని, ముందు ఖర్చు పెట్టేది సైలెన్సరు మీద. గంటకు 80 నుండి 100 కిలోమీటర్లకు వేగం పెరిగితే, ఆపవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎందుకనగా గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడినుండి అనంతగిరి మీదుగా విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోట వైపు దిగే రోడ్డు ఈ జిల్లాలవారికి ఇష్టమైన ఘాటు. మనుషులతో కలిపి 1,100 కిలోల కారు 800 మీటర్లు కిందికి దిగితే వదిలించుకోవలసిన శక్తి సుమారు 86 లక్షల జౌళ్ళు. ఇది 29 లీటర్ల నీటిని మరుగు స్థాయికి తేవటానికి సరిపోతుంది. మరొక విధంగా చెప్పాలంటే, 100 కిలోమీటర్ల వేగం నుండి ఇరవైసార్లు ఆగినంత. ఇందులో కొంత గాలి, కొంత టైర్లు తీసుకొంటాయి. తక్కువ గేరులో దిగితే ఇంజను చాలా భాగం తీసుకొంటుంది. న్యూట్రల్‌లో దిగితే అంతా బ్రేకుల మీదనే పడుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు చెప్పే మాటకు మూలం ఈ లెక్కే. సాలూరు నుండి సుంకి మీదుగా కొరాపుట్ వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి (పాత 43) పైన కూడా ఇదే సూత్రం. లారీల పరిశ్రమకు పేరుపొందిన సాలూరులో ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పనవసరం లేదు.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నపుడు కనీసం 205 డిగ్రీల వద్ద, తేమ చేరిన తరువాత 140 డిగ్రీల వద్ద మరుగుతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరి, పెడలు నేలదాకా దిగినా కారు ఆగదు. సముద్రతీరపు తేమగాలిలో తిరిగే కారుకు రెండేళ్ళకొకసారి ద్రవం మార్చటం వలన కలిగే మేలు, మెరిసే డిస్కుల వలన కలిగే మేలు కంటే ఎక్కువ. కారు పుస్తకం అనుమతిస్తే డాట్ 4 వాడవచ్చును.

వాన, వరద, ఉప్పుగాలి

శక్తి కోసం చేసే మార్పులలో చల్లని గాలిగొట్టం ఒకటి. ఇంజను వేడికి దూరంగా, బంపరు వెనుక కిందిభాగాన గాలివడపోతను అమరుస్తారు. చల్లని గాలి సాంద్రత ఎక్కువ కనుక లాభం కొద్దిగా ఉంటుంది. కాని రోడ్డు మీద మోకాలిలోతు నీరు నిలిస్తే ఆ గొట్టం నీటిని పీలుస్తుంది. గాలి వలె నీరు అణగదు. సిలిండరులో చిక్కిన నీటిని పిస్టను నొక్కబోయి, దానిని పట్టి ఉంచే కడ్డీ వంగిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానులు ఈ తీరాన్ని తాకాయి. నాగావళి, వంశధార పొంగే ప్రాంతంలో కంపెనీవారు గాలిగొట్టాన్ని ఎత్తున పెట్టటానికి కారణం ఉంది. నీటిలో ఆగిన కారును తిరిగి స్టార్టు చేయరాదు. అలా చేయగా చెడిన ఇంజనుకు సాధారణ బీమా వర్తించదు, ప్రత్యేకమైన ఇంజను రక్షణ పాలసీ తీసుకొనివుండాలి.

తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి వలన రేకు తుప్పు పడుతుంది. స్పాయిలరు, అదనపు దీపాల కోసం రేకులో వేసే ప్రతి రంధ్రమూ తుప్పుకు ద్వారమే.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నం అయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ హైకోర్టు తీర్పును తోసిపుచ్చుతూ ఈ నియమాన్ని గట్టిగా ధ్రువీకరించింది. అదే ఏడాది వచ్చిన సవరణ ద్వారా చేర్చిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. "ఒక్కొక్క మార్పుకు" అన్న మాటను చాలామంది గమనించరు.

గ్యాసు కిట్టు, అదే రకం ఇంజనుతో మార్పిడి వంటివి నిబంధనల ప్రకారం చేసి, రవాణా కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చును. రంగు మార్చినా పత్రంలో రాయించుకోవాలి. సీటు తొడుగులు, మ్యూజిక్ సిస్టము, తయారీదారు అనుమతించిన కొలతలోని టైర్లు, మంచి బ్రేకు ప్యాడ్లు పత్రంలోని వివరాలను మార్చవు. ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు ప్రసరించాలి. ముందు బంపరుకు తగిలించే ఇనుప కమ్మీలను 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. గాలిసంచి పని చేయటానికి అవి అడ్డుపడటం ఒక కారణం. పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్ల గురించి వేరే చెప్పనవసరం లేదు.

జరిమానా కంటే పెద్ద నష్టం బీమా వైపు నుండి రావచ్చును. కంపెనీకి చెప్పకుండా ఇంజను శక్తిని పెంచిన కారుకు ప్రమాదం జరిగితే, సొంత నష్టపు క్లెయిమును తిరస్కరించటానికి వారికి అవకాశం చిక్కుతుంది. ఆ పైన ప్రమాదంలో మరొకరికి గాయమైతే, అనుమతి లేని మార్పు యజమాని నిర్లక్ష్యానికి సాక్ష్యంగా నిలవవచ్చును.

సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత తనిఖీ చేయించి ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెంచారు. అభిమానులు ఇష్టపడే సిటీ వీటెక్, పాత బలెనో, మొదటి స్విఫ్ట్ కార్లన్నీ ఈ వయసు దాటినవే. కనుక మార్చిన పాత కారును కొనేవారు ముందుగా ఇంజను, ఛాసిస్ నంబర్లను పత్రంతో సరిచూడాలి. రంగు, ఇంధనం, సీట్ల సంఖ్య కూడా పత్రంలో ఉన్నట్లే ఉండాలి. తీసివేసిన అసలు భాగాలను, ముఖ్యంగా సైలెన్సరులోని ఉత్ప్రేరక పెట్టెను, స్ప్రింగులను, అమ్మకందారు వద్దనుండి అడిగి తీసుకోవాలి. పాత నమూనాలకు అవి మరల దొరకటం కష్టం, తనిఖీ నాటికి మాత్రం కారుకు అవి ఉండి తీరాలి.